తొమ్మిది ఉదయాలు

సీసా మూతకు సూదితో పొడిచిన ఏడు చిల్లుల్లోంచి పళ్ళెంలోని ఇసుక మీద ఉప్పునీరు చిలకరించి, అటెండరు తడిగుడ్డ పైకెత్తి చూశాడు. బియ్యపు గింజంత ఇసుక పురుగులు చటుక్కున గెంతి దాక్కున్నాయి. అన్నీ బతికే ఉన్నాయి.

ఇరవై ఆరేళ్లు పరిశోధనశాలలో ఆయన పని ఇదే. కిటికీల్లేని గదిలో మధ్యాహ్నం పన్నెండుకు దీపం వేయాలి, అర్ధరాత్రి ఆర్పాలి. ఆ పురుగులకు అప్పుడే తెల్లవారేది. ఆయనకూ అంతే. లోకమంతా వంటలు ముగించాక ఈయన పళ్లు తోముకుంటాడని భార్య చుట్టాలకు చెప్పి నవ్వేది. కూతురు జడలు వేసుకుని బడికి వెళ్లడం ఆయన ఒక్కనాడూ చూడలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రిటైరైన రోజున అక్కడి శాస్త్రవేత్త మేడమ్ ప్రయోగం కూడా అయిపోయిందనీ, మిగిలిన పురుగుల్ని ఒడ్డున పారబోసి వెళ్లమనీ చెప్పింది. ఆయనకు మనసొప్పలేదు. అవి సూర్యుణ్ణి చూసి, వేళను బట్టి లెక్క కట్టుకుని తడి ఇసుకకు దారి తీస్తాయి. ఆరు గంటలు వెనకబడిన లెక్కతో వదిలితే ఒడ్డు వెంబడే గెంతి గెంతి ఎండిపోతాయి. పది రోజులు నిజమైన పొద్దు చూపిస్తే లెక్క కుదురుతుంది. అందుకే పళ్ళెం ఇంటికి మోసుకొచ్చి కిటికీలో పెట్టాడు. వాటితోపాటు తనూ పొద్దున్నే లేవడం మొదలుపెట్టాడు. ఇవాళ తొమ్మిదో రోజు.

“రిటైరైంది మీరా, అవా?” అంది భార్య, టీ అందిస్తూ.

“రేపొక్కరోజు. మధ్యాహ్నం వాటి ఒడ్డునే వదిలేద్దాం. నువ్వూ రా.”

పురుగుల్ని సాగనంపడానికి తనెందుకని మూతి విరిచింది గానీ, పొద్దుటి వెలుతురులో మొగుడి పక్కన కూర్చుని టీ తాగడం ఆమెకు ఎంతో బాగుంది. పెళ్లయిన ఇన్నేళ్లకు దక్కిన ముచ్చట.

ఆయన మర్నాటికి సీసా నింపి పెట్టుకుని, భోంచేసి కాసేపు నడుం వాల్చాడు. నాలుగింటికి భార్య లేపితే లేవలేదు.

ఏడుస్తూనే ఆమె పూటపూటా పళ్ళెంలో నీళ్లు చల్లింది. మూడో రోజున ఇల్లు సర్దుతూ కూతురు దాన్ని పారేయబోతే చేతిలోంచి లాక్కుంది. మధ్యాహ్నం ఇద్దరూ ఆ ఒడ్డుకే వెళ్లి పొడి ఇసుక మీద పళ్ళెం వంచారు. పురుగులు కాసేపు చెల్లాచెదురుగా గెంతాయి. తర్వాత అన్నీ తడి ఇసుక వైపు మళ్లాయి. ఒక్కటీ ఒడ్డు వెంబడి పోలేదు.

“దారి తెలిసిందండీ,” అంది ఆమె, ఆయన పక్కనే ఉన్నట్టు.

ఇంటికొచ్చి పళ్ళెం కడిగి బోర్లించింది. కిటికీలో, ఏడు చిల్లుల మూత కింద, ఆయన నింపిన నీళ్లు ఇంకా సగం ఉన్నాయి.