లిఫ్టు పక్క ఇళ్ళ మూటలు

మా భవనంలో మెట్లు అద్దంలా ఉంటాయని వచ్చిన చుట్టాలందరూ అనేవారు. అలా అనిపించుకోవడానికి నేను రెండేళ్ళు పోరాడాను. శనివారం పొద్దున వాచ్‌మన్ ఐదో అంతస్తు నుంచి బకెట్లతో నీళ్ళు కుమ్మరిస్తూ దిగుతుంటే, నేను వెనకే దిగుతూ మూలలు చూసేదాన్ని. "తడిగుడ్డ పెడితే సరిపోదా అమ్మగారూ?" అని అతను రెండుసార్లు అడిగాడు. గుడ్డ పెడితే మురికి మూలకి జరుగుతుందే గానీ పోదని రెండుసార్లూ అతని నోరు మూయించాను.

వానలు మొదలైన నెలకి డెంగ్యూ వచ్చింది. అంతస్తుకి నాలుగు చొప్పున ఇరవై ఇళ్ళు మావి. రెండు వారాల్లో ఏడిళ్ళలో మనుషులు మంచాన పడ్డారు. మావారు ఐదు రోజులు ఆస్పత్రిలో ఉండి, సగమై ఇంటికొచ్చారు. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి డాబా మీద ట్యాంకు మూత ఎత్తి చూసింది. పూలకుండీల కింది పళ్ళేలు తిరగేసింది. ఇంటింటికీ వెళ్ళి ఫ్రిజ్ వెనక ట్రే లాగి చూసింది. ఎక్కడా ఒక్క పురుగు కనపడలేదు.

"ఈ దోమ దూరం పోయేది కాదమ్మా. పుట్టిల్లు ఇక్కడే ఎక్కడో ఉంది. వెతకండి," అని చెప్పి వెళ్ళింది.

సెక్రటరీ గారు వెతకలేదు, తేల్చేశారు. వాచ్‌మన్ శుభ్రం పట్టించుకోవడం లేదు. ఆదివారం మీటింగులో అందరి చేతా సంతకాలు పెట్టించి అతని చేత గది ఖాళీ చేయించాలి. ఆ గది కింద, లిఫ్టుని ఆనుకుని ఉంటుంది. అందులో వాచ్‌మన్, అతని భార్య, బడికెళ్ళే కూతురు. భార్య మెట్ల కింద బల్ల వేసుకుని మా అందరి బట్టలూ ఇస్త్రీ చేస్తుంది. పిల్లలు ఆమెని ఇస్త్రీ పిన్ని అన్నారు, పెద్దలకీ అదే అలవాటైంది. గది పోతే ఆ బల్లా పోతుంది, పిల్ల చదువూ మధ్యలో ఆగుతుంది.

శుక్రవారం మావారి చొక్కాలు పట్టుకుని కిందికి దిగాను.

"సార్ ఆఫీసుకి వెళ్తున్నారన్నమాట! మీ మూట ఆగి పన్నెండు రోజులైంది," అంది ఇస్త్రీ పిన్ని.

"రోజులు కూడా గుర్తు పెట్టుకున్నావే!"

"గుర్తెందుకమ్మా? గూడు ఖాళీగా ఉంటే కళ్ళకి కనపడదా? జ్వరమొస్తే ముందు ఆగేది ఆఫీసు చొక్కాలే. డాక్టరు కంటే ముందు నాకే తెలుస్తుంది."

అప్పుడు చూశాను ఆమె వెనక గోడకున్న చెక్క గూళ్ళని. ఐదు వరసలు, వరసకి నాలుగు. మా భవనాన్నే చిన్నది చేసి గోడకి ఆనించినట్టుంది. రెండు చివరలా ఉన్న గూళ్ళు కింది నుంచి పై దాకా మూటలతో నిండి ఉన్నాయి. మధ్య రెండు నిలువు వరసల్లో ఏడు ఖాళీ.

"మధ్యవి..." అన్నాను.

"లిఫ్టు పక్క ఇళ్ళు," అంటూ ఆమె మడమ మీద చెళ్ళున కొట్టుకుంది. "పొద్దున పూట ఇక్కడ నిలబడలేకపోతున్నా. ఆ లిఫ్టు తలుపు సందులోంచే వస్తున్నాయి పాడు దోమలు."

"మరి చెప్పవేం?"

"నేను చెబితే ఏమంటారు? మొగుణ్ణి వెనకేసుకొస్తోందంటారు."

ఆ మధ్యాహ్నమే లిఫ్టు మెకానిక్‌ని పిలిపించాను. అతను లిఫ్టుని పైకి పంపి, కింది తలుపు తాళంతో తీసి, టార్చి వేశాడు. లిఫ్టు కింద గొయ్యిలో మోకాలి లోతు నీళ్ళు. వెలుగు పడగానే నీళ్ళన్నీ లుకలుకలాడాయి. కామాల్లాంటి పురుగులు వేలకి వేలు.

"నేనెప్పుడూ పైన మోటారు చూసుకుని పోతానమ్మా, కిందికి తొంగిచూడలేదు," అన్నాడతను బుర్ర గోక్కుంటూ. "ఇవి మెట్లు కడిగిన నీళ్ళే. వారం వారం ఎవరో పుణ్యాత్ములు నింపుతున్నారు."

ఇస్త్రీ పిన్ని నా వైపు చూడలేదు. ఇస్త్రీ పెట్టె చల్లారిందేమోనని వేలు తడిచేసుకుని తాకి చూసుకుంది. ఆమె అలా చూడకపోవడమే నాకు ఎక్కువగా గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున లిఫ్టు ముందే కుర్చీలు వేశారు. సెక్రటరీ గారు కాగితం చేత్తో పట్టుకుని లేచారు.

"నేను ముందే చెప్పానా? ఆ నీళ్ళు పోసిందెవరు? వాచ్‌మనే కదా!"

వాచ్‌మన్ తల దించుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. ఎత్తడని నాకు తెలుసు.

"పోసింది అతనే, పోయించింది నేను," అన్నాను. "వద్దని రెండుసార్లు చెప్పాడు, నేనే వినలేదు. ఆ గొయ్యి పట్టిచ్చింది అతని భార్య. ఎవరితోనైనా ఖాళీ చేయించాలంటే మా ఇల్లు చేయించండి."

"నన్నొక్క మాట అడగవా?" అన్నారు మావారు వెనక కుర్చీలోంచి, నీరసంగా.

అందరూ ఘొల్లుమన్నారు. సెక్రటరీ గారి భార్యకీ జ్వరం వచ్చి తగ్గింది. ఆవిడ శాలువా సర్దుకుంటూ, "ఏవండీ, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోండి," అంది.

"అయితే మెట్లెలాగ?" అన్నారాయన, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"తడిగుడ్డ సార్," అన్నాడు వాచ్‌మన్. ఆ రోజు అతను మాట్లాడింది అదొక్కటే.

గొయ్యి తోడించాం, ఆరబెట్టించాం, లిఫ్టు గుమ్మానికి చిన్న గట్టు కట్టించాం. ప్రతి శుక్రవారం నలుగురు ఆడవాళ్ళం ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాం. ముందు నడిచేది ఇస్త్రీ పిన్ని. నర్సమ్మ ఆమెని వెంటబెట్టుకుని మా వీధిలో పదకొండు భవనాల లిఫ్టుల కింద టార్చి వేయిస్తే, ఆరింటిలో నీళ్ళు కనిపించాయి. "మీ పిన్నిని మాకు ఒక గంట పంపిస్తారా?" అని పక్క వీధి వాళ్ళు అడిగినప్పుడు, నా సొంత చెల్లెల్ని అడిగినట్టు నా ఛాతీ పొంగింది.

ఈ ఏడు వానలొచ్చాయి. ఊళ్ళో జ్వరాలున్నాయి. నిన్న శుక్రవారం ఆమె మా వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ వెనక ట్రే లాగి, అడుగున వేలు రాసి నాకు చూపించింది. తడి.

"చదువుకున్నవాళ్ళు, మీరే ఇలా చేస్తే ఎలాగమ్మా?"

నోరు మూసుకుని ట్రే తుడిచాను.

సాయంత్రం చొక్కాల కోసం కిందికి వెళితే ఆమె నడుము పట్టుకుని నిలబడి ఉంది. వెనక ఇరవై గూళ్ళూ నిండి, రెండు మూటలు బల్ల మీదికి కూడా వచ్చాయి.

"చూడండి! ఒక్క ఇల్లూ ఆగలేదు. ఒక్కరికైనా ఓ తుమ్ము రాకూడదూ? చేతులు పడిపోతున్నాయి," అంది.

అంటూనే గూళ్ళ వైపు ఒకసారి తిరిగి చూసుకుంది, కూతురి మార్కుల కాగితం చూసుకున్నట్టు.