చలికి దగ్గరైన ఇల్లు

రోజూ పొద్దున్నే సలోమి, ఇంజను గడ్డకట్టకుండా కారుకి రాత్రంతా పెట్టిన కరెంటు ప్లగ్గు పీకి, అద్దం మీద మంచు గీకి, హెల్త్ సెంటర్లో నర్సు డ్యూటీకి వెళ్తుంది. పక్కింటి సీతాదేవి కూడా అదే టైముకి మంచు గీకి, బడిలో లెక్కలు చెప్పడానికి వెళ్తుంది. కెనడా ఉత్తరాన, చలికాలమంతా సూర్యుడు మొహం చాటేసే ఆ ఊళ్లో తెలుగువాళ్లు ఆ ఇద్దరే. ఇద్దరికీ మాటల్లేవు. సలోమి ఇంటి ఎండుచేపల వాసన గురించి సీతాదేవి ఒకసారి ఏదో అంది, సలోమి దానికి రెండింతలు అంది.

అక్కడ నేల ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఇళ్లన్నీ కర్రకాళ్ల మీద నిలబడి ఉంటాయి. చలి మైనస్ నలభై దాటిందంటే ఆ కాళ్లతోనే నడిచొచ్చి, గొర్రెల్లా ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. ఎండలొచ్చాక ఎక్కడివక్కడికి వెళ్లిపోతాయి. ఇంటింటికీ నీళ్లు పోసే లారీ డ్రైవర్ ఒక్కడే, ఏ ఇల్లు ఎక్కడుందో వెతుక్కోలేక కాస్త విసుక్కుంటాడు.

ఈసారి సీతాదేవి ఇల్లు వచ్చి సలోమి వంటింటికి ఆనుకుంది. దానికున్న ఒక్క తలుపూ ఆ వంటింట్లోకే తెరుచుకుంది. సీతాదేవి ఇంటిని బతిమాలింది, తిట్టింది, చివరికి గోడని చీపురుతో కొట్టింది. అది కదల్లేదు.

ఇక రోజూ ముక్కుకి శాలువా అడ్డం పెట్టుకుని సలోమి పొయ్యి పక్కనుంచే బడికెళ్లేది. సలోమి కావాలనే అప్పుడు చేపలు వేయించేది.

ఒకరోజు సీతాదేవి మధ్యలో ఆగి కుర్చీ పట్టుకుంది. ముక్కు మీద ఉండాల్సిన చెయ్యి దవడ మీదుంది. సలోమి స్టవ్ కట్టేసింది.

“ఎప్పట్నుంచండీ ఈ నొప్పి?”

“రాత్రి నుంచి. పన్నేమో.”

“పన్ను కాదు. కూర్చోండి.”

గుండెపోటు. సలోమి ఆస్పిరిన్ నమిలించి, ఫోన్ మీద ఫోన్ చేసి ఎయిర్ అంబులెన్స్ రప్పించింది. ఎడ్మంటన్ పెద్దాసుపత్రి దాకా పక్కనే కూర్చుంది. ఇంకో గంట ఆలస్యమైతే చెయ్యడానికేం ఉండేది కాదని అక్కడి డాక్టర్ అన్నాడు.

ఆ తర్వాత సీతాదేవిని కూతురు మృదుల తనుండే మిస్సిసాగా తీసుకెళ్లి, ఇక అక్కడే ఉండిపొమ్మంది. ఇల్లు చూసుకోవాలని చెప్పి సీతాదేవి జూన్‌లో వచ్చేసింది. అప్పటికి ఊళ్లో ఇళ్లన్నీ తిరిగెళ్లిపోయాయి. ఆమెది మాత్రం సలోమి వంటింటికి ఆనుకునే ఉంది. టౌన్ ఆఫీసువాళ్లు ట్రాక్టర్ తెచ్చి, తాడు కట్టి, లాగమంటారా అని అడిగారు. దోమలు ముసురుతున్నాయి. వాళ్ల టీషర్టులు చెమటకి తడిసిపోయాయి.

సీతాదేవి గోడ మీద చెయ్యి వేసి చూసింది.

“ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి” అంది. “పాపం, దీనికింకా చలి తగ్గలేదు.”