పొడుగాయన వంతు

బట్టల మిల్లులో యంత్రాలు బిగించే ఫిట్టరు, మిల్లు బ్యాండులో ఇరవై రెండేళ్ళు క్లారినెట్ వాయించాడు. అన్నేళ్ళూ ఎదురుగా స్టాండు మీద కాగితం పెట్టుకున్నాడు. పక్కవాడు తిప్పినప్పుడల్లా తనూ పేజీ తిప్పాడు. ఆ కాగితం మీదున్న స్వరాల్లో ఒక్కటంటే ఒక్కటి ఆయనకు చదవడం రాదు. పనిలో వెంట్రుకవాసి తేడాను మైక్రోమీటరు మీద ఇట్టే చదివేవాడు గానీ, అయిదు గీతల మీద చల్లినట్టుండే ఆ నల్లచుక్కలు మాత్రం కొరుకుడు పడలేదు. ఎవరినైనా అడుగుదామంటే మొదట్లో నామోషీ అడ్డొచ్చింది. తర్వాత అడగడానికి మరీ ఆలస్యమైపోయింది.

సంగతి తెలిసినవాడు ఒక్కడే, పక్క కుర్చీలో కూర్చునే పొడుగాయన. నూలు గిడ్డంగిలో గుమాస్తా. బ్యాండులో మొదటి క్లారినెట్ ఆయనది, రెండోది ఫిట్టరుది, ఇద్దరి కాగితాలూ వేరు. కొత్త పాట కాగితాలు పంచిన రోజున ఇద్దరూ గిడ్డంగి వెనక బేళ్ళ మీద చేరేవారు. ఫిట్టరు వాయించాల్సింది పొడుగాయన రెండుసార్లు వాయిస్తే చాలు, మూడోసారికి చెవితోనే పట్టేసేవాడు.

"నీ చెవులు నాకిచ్చెయ్యరా, నా కళ్ళు నువ్వు తీసుకో," అనేవాడు పొడుగాయన.

ఆ పొడుగాయన ఊపిరితిత్తుల జబ్బుతో మూడు వారాల్లో పోయాడు.

నెల తిరక్కుండా కొత్త పాట వచ్చింది. బ్యాండ్ మాస్టరు కూడా కొత్తవాడే, వచ్చి ఏడాది కాలేదు. "రెండో క్లారినెట్ ఒక్కటీ వినిపించండి," అన్నాడు. మిగతా వాద్యాలన్నీ ఆగిపోయాయి. ఫిట్టరు క్లారినెట్‌ను పెదవుల దాకా తెచ్చాడు. కాగితం వంక చూశాడు. క్లారినెట్‌ను దించేశాడు.

"నోటి దగ్గరి రీడు చీలింది సార్," అన్నాడు.

అలా ఆ పూటకి గండం గడిచింది గానీ, మళ్ళీ అడిగితే చెప్పడానికి ఇంకో సాకు లేదు.

ఆదివారం పొద్దున్నే పొడుగాయన ఇంటికి వెళ్ళాడు. ఆయన కూతురు బళ్ళో పిల్లలకు సంగీతం చెబుతుంది. ఫిట్టరు గుమ్మంలోనే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆ పిల్ల నవ్వలేదు. "నాన్న ఒక్కసారి కూడా నోరు జారలేదు బాబాయ్," అంది. "రా, కూర్చో."

వంటింటి బల్ల మీద కప్పులు పక్కకు జరిపి, తెల్లకాగితం మీద స్కేలుతో అయిదు గీతలు గీసింది. "స్వరాలకు ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. కింది గీత మీదుంటే ఈ. దాని పైన జీ, బీ, డీ, ఎఫ్. గీతల మధ్య ఖాళీల్లో ఎఫ్, ఏ, సీ, ఈ."

"ఇవి స్వరాలా తల్లీ, లారీ నంబర్లా? పైగా ఈ అనేది కిందొకటి, పైనొకటీనా?"

"ఒకే పేరున్న మనుషులు ఇద్దరు, ఒకరు మేడ మీద, ఒకరు కింద. అలా అనుకో."

బ్యాండుకు సెలవు పెట్టి, ఆరు వారాలు అదే పని. చుక్కను చూడటం, గీతలు వేలితో లెక్కపెట్టడం, పేరు పలకడం. పేరు నోట పడితే చాలు, వేళ్ళు వాటంతటవే కదిలేవి. కళ్ళే నత్తనడక నడిచేవి. ఒకరోజు బీని డీ అని వరసగా మూడుసార్లు చదివి, తన నెత్తిన తనే మొట్టుకున్నాడు.

ఏడో ఆదివారం ఆ పిల్ల తన తండ్రి పాట కాగితాలున్న అట్టపెట్టె తెచ్చింది. "నీకు బాగా తెలిసిన పాటైతే తేలిగ్గా ఉంటుంది," అని, మిల్లు వార్షికోత్సవంలో ఏటా వాయించే పాట తీసింది. ఆ పాట మధ్యలో ఒకచోట బ్యాండంతా ఆగుతుంది. కాగితం మీద నిలువు గీతలు విడదీసే గడుల్లో ఎనిమిదింటి పాటు క్లారినెట్ ఒక్కటే పలుకుతుంది. ఫిట్టరుకు పేరు తెచ్చింది ఆ ఎనిమిది గడులే. అంతసేపూ పొడుగాయన క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. "నా కాగితంలో ఇక్కడ ఆగమనే ఉందిరా, ఇది నీ వంతు," అని మొదటి ఏడాదే చెప్పాడు.

"డీ... ఎఫ్... ఏ..." ఫిట్టరు వేలు పెట్టి చదువుతున్నాడు. ఉన్నట్టుండి వేలు ఆగిపోయింది.

"ఇదేంటి తల్లీ? ఇది నేను వాయించేది కదా. అన్న కాగితంలో ఎందుకుంది?"

ఆ పిల్ల ఫిట్టరు సంచిలోంచి ఆయన కాగితం తీసి పక్కన పెట్టింది. రెండూ గడి గడిగా పోల్చి చూసింది. "నీదాంట్లో ఇక్కడ ఏమీ లేదు బాబాయ్. ఎనిమిది గడులూ నిన్నే ఆగమని ఉంది."

"మరి పాత మాస్టరు ఒప్పుకున్నాడా?"

పొయ్యి దగ్గర నుంచి పొడుగాయన భార్య అందుకుంది. "పన్ను నొప్పి, గట్టిగా ఊదలేను, వాడి చేత వాయించండి అని చెప్పేవాడు. ఏటా అదే పన్ను. పోయేదాకా ఆయనకు పళ్ళు రాళ్ళల్లే ఉన్నాయి. ఎందుకీ అబద్ధాలు అంటే, నాకంటే వాడు బాగా వాయిస్తాడే అన్నాడు."

ఫిట్టరు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "కూర్చుని తినేవాడా అని ఎగతాళి చేసేవాణ్ణి వదినా. ఏటా, అందరి ముందూ. నవ్వి ఊరుకునేవాడు."

ఆవిడ వచ్చి ఆయన ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టింది.

మర్నాడు ఫిట్టరు మాస్టరు దగ్గరికెళ్ళి, చదవడం రాదన్న సంగతి, రీడు అబద్ధం, అన్నీ ఒప్పేసుకున్నాడు. మాస్టరు కోప్పడలేదు. "చదవడం బాగా వచ్చాక రండి. ఈ ఏడాదికి మాత్రం ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వక తప్పదు," అన్నాడు. ఫిట్టరు ఇత్తడి గుండీల బ్యాండు కోటు మడతపెట్టి బల్ల మీద ఉంచి వచ్చాడు.

వార్షికోత్సవం రోజున వదినె, ఆవిడ కూతురు, ఫిట్టరు ఆరో వరసలో కూర్చున్నారు. పొడుగాయన కాగితం ఫిట్టరు మోకాళ్ళ మీద ఉంది. మొదటి క్లారినెట్ ఇప్పుడు నేతశాఖలో పనిచేసే ఒకావిడది. బ్యాండంతా ఆగింది. ఆవిడ ఒక్కతే మొదలుపెట్టింది. తప్పు లేకుండా, కాగితంలో ఉన్నదున్నట్టు వాయించింది. ఫిట్టరు వేలితో గీతలు పట్టుకుని, లోగొంతుతో పేర్లు చెప్పుకుంటూ పాట వెంట సాగాడు. అయిదో గడి దగ్గర వెనకబడ్డాడు. మళ్ళీ అందుకోలేక, ఆరో గడి మీద వేలుంచి మిగతా పాట విన్నాడు.

పాట ముగిసింది, చప్పట్లు మోగాయి. ఆయన వేలు ఇంకా ఆరో గడి మీదే ఉంది. పక్కవాళ్ళు లేచి నిలబడుతున్నా వంచిన తల ఎత్తకుండా, మిగిలిన గడులు ఒక్కో స్వరం చొప్పున చివరిదాకా చదివాడు. అప్పుడు కాగితం మడిచి వదినె చేతికిచ్చాడు.