చెంచా వంచి చూడు

తూకం ముల్లు అటూ ఇటూ ఊగి, పోయిన నెల ఏ గీత మీద నిలబడిందో సరిగ్గా ఆ గీత మీదే నిలబడింది.

"ఏడు నెలలు దాటాయి. నెల తిరిగినా వీసమెత్తు పెరగలేదు," అంది నర్సు, పిల్లని ఎత్తి తల్లి చేతికిస్తూ. "పదిహేను రోజులు చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే పెద్దాసుపత్రికి రాసివ్వాల్సిందే."

"రోజూ గిన్నెలు ఖాళీ చేస్తోందండీ."

"పాలో?"

"అడిగినప్పుడల్లా ఇస్తున్నా. మధ్యాహ్నం పని ఆపి ఇంటికెళ్ళి మరీ ఇచ్చొస్తున్నా."

"పాలు ఆపొద్దు. తిండీ ఆపొద్దు. ఈ వయసులో రెండూ కావాలి."

పుట్టినప్పుడు గుప్పెడంతే ఉందని ఆ పిల్లకి గుప్పెడు అన్న పేరు పడిపోయింది. పేరు పెరగనీయడం లేదేమోనని కూడా ఆ తల్లికి ఒక్కోసారి అనుమానం వచ్చేది.

బయట బల్ల మీద కూర్చున్న అత్త సంగతి విని ఊరుకోలేదు. "పాలు మాన్పించవే అంటే వింటేగా! పాలు మరిగిన పిల్లకి తిండి ఒంటబడుతుందా?"

"మాన్పించను అత్తయ్యా," అంది కోడలు. గొంతు పెంచలేదు. కానీ ఆ మాట మేకు దిగినట్టు దిగింది.

మర్నాటి నుంచి అరగంట ముందే లేచేది. బియ్యం, పప్పు కలిపి మెత్తగా ఉడికించి, చెంచాడు నూనె వేసి మెదిపి, మూత పెట్టి అత్తకి అప్పగించి కుట్టుషెడ్డుకి వెళ్ళేది. షెడ్డులో పక్క మిషను మీద గుండీలు కుట్టే ఆవిడ జాలిపడింది.

"ఎందుకే ఈ తిప్పలు? డబ్బా పాలు పట్టెయ్యరాదూ?"

"నా డబ్బా నా దగ్గరే ఉందిలే అక్కా. మూత తియ్యడమే తరువాయి."

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆమె మాత్రం కుడుతున్న కాలరు మీద నుంచి కళ్ళెత్తలేదు. పదిహేనులో నాలుగు రోజులు అప్పుడే అయిపోయాయని లెక్క వేసుకుంటోంది.

ఆ రోజే మిషను బెల్టు తెగింది. కొత్తది వచ్చేదాకా పని లేదు పొమ్మన్నారు. పది గంటలకి ఇల్లు చేరి, గుమ్మంలోనే ఆగిపోయింది.

అత్త గుప్పెడుని ఒళ్ళో వేసుకుని తినిపిస్తోంది. పిల్ల గుటుక్కు గుటుక్కున మింగుతోంది. నాలుగు చెంచాలకొకసారి అత్త పక్కనున్న చెంబెత్తి గిన్నెలో నీళ్ళు వంచుతోంది. వంచి, అంచు నుంచి మధ్యకి రెండు తిప్పులు తిప్పుతోంది. కోడలు చూస్తుండగానే చెంబు మూడుసార్లు లేచింది.

"అదేంటి అత్తయ్యా?"

"బిగుసుకుపోతోందే! నీళ్ళు చూపించకపోతే రాయైపోదూ? మొదట్లో ఒకసారి పొలమారింది, మర్చిపోయావా? గొంతుకి అడ్డంపడితే నువ్వొస్తావా, నర్సొస్తుందా?"

కోడలికి కోపం కణతల దాకా వచ్చింది. అప్పుడు అత్త చేతిని చూసింది. సిమెంటు తిని బీటలు వారిన వేళ్ళు. మామ తాపీమేస్త్రి. ముప్పై ఏళ్ళు ఆయనకి సిమెంటూ ఇసకా తిప్పి మాలు కలిపి అందించింది ఈ చెయ్యే. ఎండలో మాలు బిగుసుకుంటుంటే నీళ్ళు చిలకరించి తిప్పడమే దాని పని. ఇప్పుడూ అదే చేస్తోంది. పగ పట్టి చేస్తున్నదేమీ కాదు.

కోపం మింగి పెరట్లోకి తిరిగింది. "మామయ్యా, ఒక్కసారి ఇలా రండి. మాలు కుదిరిందో లేదో ఎలా చూస్తారు?"

మామ నోట మాట రావాలంటే ఎక్కడో గోడ వంకరపోవాలి. తాపీ తుడుచుకుంటున్నవాడు లేచి వచ్చి, గిన్నెలోకి చూసి, చెంచాడు తీసి పక్కకి వంచాడు. అంతా జారి గిన్నెలో పడింది.

"ఇది గోడకి నిలుస్తుందా?" అని భార్యని అడిగాడు.

"గోడకేం నిలుస్తుంది, నా మొహం! జారిపోతుంది."

"మరి పిల్ల ఒంటికి?"

అంతే అని, తాపీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

అత్త గిన్నె కింద పెట్టింది. "నేను కలిపిన మాలు ఇన్నేళ్ళలో ఒక్క గోడ నుంచీ రాల్లేదు," అంది.

"తెలుసు అత్తయ్యా. అందుకే మీ చేతికిచ్చా."

కోడలు గుప్పెడుని నిటారుగా కూర్చోబెట్టి, వండిన గిన్నెలో నీళ్ళు కలవకుండా మిగిలిన గట్టి ముద్ద కొంచెం మెదిపి చెంచాతో తీసింది. వంచి చూసింది. నిలిచింది. నోటికందిస్తే పిల్ల తుపుక్కున ఊసింది. రెండోది అత్త ముక్కు మీద పడింది. బలవంతం చెయ్యలేదు. పిల్ల నోరు తెరిచేదాకా ఆగి మళ్ళీ పెట్టింది. అయిదోది లోపలికెళ్ళింది. వెంటనే దగ్గు. మొహం ఎర్రబడింది. అత్త చెయ్యి చెంబు మీదికి పోయింది. కోడలు ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆగండి. దగ్గు వినబడుతోందిగా, ఊపిరాడుతోంది. చూద్దాం."

గుప్పెడు ముద్దని నాలుక మీదికి తెచ్చుకుని, పళ్ళు లేని చిగుళ్ళతో రెండుసార్లు నమిలి మింగింది. మింగి, మళ్ళీ నోరు తెరిచింది.

సగం గిన్నెకి చాలనట్టు మొహం తిప్పేసింది. తల్లి రొమ్ము ఇస్తే కాసేపు తాగి అక్కడే నిద్రపోయింది.

మర్నాడు పనికి వెళ్ళే ముందు కోడలు చెంబు తీసి అటక మీద పెట్టింది. తన పాలు చిన్న గ్లాసులోకి పిండి, మూతేసి, నీళ్ళకుండ పక్కన చల్లటి చోట ఉంచింది. "మీ చెయ్యి ఊరుకోదని తెలుసు. మరీ బిగుసుకుంటే ఇది ఒక్క చెంచాడు వెయ్యండి. నీళ్ళు మాత్రం వద్దు."

"నాకు పాఠాలు చెప్పేదానివైపోయావు," అంది అత్త, గ్లాసు ఇంకాస్త నీడలోకి జరుపుతూ.

పదిహేనో రోజు తూకం ముల్లు ఊగి, పాత గీత దాటి నిలబడింది. రెండువందల ఇరవై గ్రాములు పెరిగింది. నర్సు కార్డు మీద రాసుకుని, "పెద్దాసుపత్రి అక్కర్లేదు. ఇలాగే కానివ్వండి. పాలూ, తిండీ," అంది. కోడలు తలూపింది.

బయటికి వచ్చేసరికి అత్త బల్ల మీద ఇంకో పిల్లాడి నాయనమ్మకి బాగా దగ్గరగా జరిగి కూర్చుంది. ఆవిడ చేతిలో గిన్నె, చెంచా ఉన్నాయి.

"పలచగా అయితే సుళువుగా దిగుతుందని..." అంటోంది ఆవిడ.

"దిగడం కాదమ్మా, నిలవాలి," అంటోంది అత్త. "ఏదీ, ఆ చెంచా ఓసారి వంచు."