మొదటి నీళ్ళు

"మిత్సుయో, నీళ్ళు కాగాయా?" అని మావారు రైజో ముందుగదిలోంచి కేకేసేసరికి నేను స్నానాల తొట్టిలో యుజు పళ్ళు వేస్తున్నాను. ఏడాదిలో పగలు బాగా కురచైన రోజున మా కనజావా ఊళ్ళో ప్రతి ఇంటి తొట్టిలోనూ ఈ పుల్లటి పళ్ళు తేలాల్సిందే. తొట్టి తోమింది నేను, మంట పెట్టింది నేను. అవే నీళ్ళలో దిగేది మాత్రం ముందు మామగారు, తర్వాత మావారు, మరిది, అత్తయ్య. అందరికన్నా ఆఖర్న కోడలు. అందరూ తొట్టి బయటే ఒళ్ళు రుద్దుకుని దిగుతారు కాబట్టి నీళ్ళు శుభ్రమేనట. నా వంతొచ్చేసరికి అవి చల్లారి, చిక్కబడి ఉంటాయి. చితికిన పళ్ళ గింజలు ఒంటికి అంటుకుంటాయి.

నేను నవలలు రాస్తాను. టోక్యో పత్రికవాళ్ళు పవిత్రత, ఉనికి, ఆత్మ గురించి వ్యాసం అడిగారు. రేపు టపాలో వేసెయ్యాలి. "ఆత్మ గురించి నీకేం తెలుసని అడిగారో పాపం!" అని మావారు భోజనం దగ్గర నవ్వారు. "రాసుకో రాసుకో, మిసో చారు మాత్రం చల్లారనివ్వకు." వారంగా కుస్తీ పడుతున్నాను. ఆత్మ ఏ మురికీ అంటని నీరు లాంటిది అని రాస్తాను, కొట్టేస్తాను. పెళ్ళయ్యాక మరొకరు దిగని నీళ్ళు నేనెరగను. ఎరగనిదాన్ని ఎంత అందంగా రాసినా అబద్ధమే కదా. తలుచుకుంటే ఒళ్ళు మండింది.

ఆవిరిలో పళ్ళ వాసన గుప్పుమంది. గడియ పెట్టి, ఒళ్ళు రుద్దుకుని, దిగిపోయాను. చర్మం చురుక్కుమంది. తొట్టి అడుగున నా కాలివేళ్ళు నాకే కనిపిస్తుంటే ఏడుపొచ్చింది. వ్యాసానికి మొదటి వాక్యం అప్పుడు తట్టింది: పవిత్రతకు వంతులు లేవని చెప్పేవాళ్ళంతా మొదటి వంతు వాళ్ళే.

మావారు తలుపు బాదారు. "ఎవరు లోపల?"

"నేనే."

"నాన్నగారింకా దిగనేలేదు! మతి పోయిందా నీకు?"

"దిగుతారు. నా తర్వాత."

ఆయన గొణుక్కుంటూ వెళ్ళి వాళ్ళమ్మను పంపారు. చీవాట్లకు సిద్ధపడ్డాను. తలుపవతల నుంచి అత్తయ్య గొంతు తగ్గించి అడిగింది.

"ఏమే, అడుగు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది అత్తయ్యా."

"నేనెప్పుడూ చూడలేదు. వాడు తిరిగొచ్చేలోగా గడియ తియ్యి, నేనూ దిగుతాను."