దక్షిణపు గోడలో సిమెంటు

సిరిల్ టెబట్‌కి ఎనభై ఒకటి నిండాయి. భార్య డోరీన్ పోయి మూడేళ్ళయింది. ఇప్పుడాయన నోరు విప్పేది గురువారం పొద్దున, చర్చిలో కాఫీ దగ్గరే. గంటల గోపురం కింద రెండు మడత బల్లలు, ఒక కెటిల్, బిస్కెట్ల డబ్బా. అక్కడ ఆయన్ని అడిగే ప్రశ్న ఒక్కటే, మోకాలు ఎలా ఉందని. బాగానే ఉందంటాడు. బాగాలేదంటే వాళ్ళకి ఏం చెయ్యాలో తోచదు, అందుకని ఆ శ్రమ పెట్టడు.

ఆ గురువారం అయిదేళ్ళకోసారి చర్చిని పరీక్షించే ఆర్కిటెక్ట్ వచ్చింది. పేరు నావోమి ప్రెస్కాట్. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బూట్లకి బురద, మెడలో బైనాక్యులర్స్. దక్షిణపు గోడ చూసొచ్చి, కాఫీ కప్పు అందుకుంటూ అందరికీ చెప్పింది.

"గోడ పాడైపోతోందండీ. రాళ్ళ సందుల్లో ఎవరో సిమెంటు కూరారు. మీ ఊరి రాయి మెత్తనిది. అది తాగిన నీళ్ళు సందుల్లో సున్నం గుండా ఆరిపోవాలి. సిమెంటు ఆ దారి మూసేసింది. ఇప్పుడు రాయే పెచ్చులూడుతోంది."

"ఎవడో బుర్రలేని కాంట్రాక్టరు అయ్యుంటాడు," అంది చర్చి బాగోగులు చూసే వార్డెన్ ఫిలిప్పా. పదేళ్ళ కిందట లండన్ నుంచి వచ్చి ఈ ఊళ్ళో ఇల్లు కొనుక్కుంది. "ఊళ్ళోనే సిరిల్ గారిలాంటి మేస్త్రీని పెట్టుకుని ఎవరినో పిలిచారు చూడండి."

సిరిల్ బిస్కెట్టు కాఫీలో ముంచాడు. అది విరిగి కప్పులో పడింది. ఆయన దాన్ని చెంచాతో వెతుకుతూ కూర్చున్నాడు.

ఆ సిమెంటు కూరింది ఆయనే.

అది 1974 వేసవి. సిరిల్‌కి ముప్ఫై ఒకటి, చేతినిండా పని, నెత్తినిండా పొగరు. ఆయనకి పని నేర్పిన రెజ్ సాచెల్ అప్పటికి ఊపిరందక పని మానేశాడు. కర్ర పొడుచుకుంటూ సమాధుల మధ్యనుంచి వచ్చి, పరంజా కింద నిలబడ్డాడు.

"ఏం కలిపావురా?"

"సిమెంటు. వందేళ్ళుంటుంది."

"అది ఉంటుంది. రాయి ఉండదు. ఆరకముందే గీకి పారేసి సున్నం పెట్టు."

"నీ సున్నం కాలం అయిపోయింది మామా. ఇంటికెళ్ళి ఎండలో కూర్చో."

రెజ్ కర్ర పొడుచుకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ గోడ కంటపడకుండా చర్చికి ఉత్తరం తలుపునుంచే వచ్చేవాడు. ఆ చలికాలంలోనే పోయాడు. ఫాదరేమో సిరిల్ పనిని ఆరాధనలో అందరి ముందూ మెచ్చుకున్నాడు.

పదేళ్ళు గోడ బాగానే ఉంది. తర్వాత గోడ అడుగున బెల్లంపొడిలా రాతిపొడి రాలడం మొదలైంది. ఆదివారాలు అందరికంటే ముందొచ్చి సిరిల్ ఆ పొడిని బూటుతో గడ్డిలోకి నెట్టేసేవాడు. నలభై ఏళ్ళు నెట్టాడు.

ఆ చర్చి రక్షిత కట్టడం, అందులో మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. అనుమతి కోరే కాగితం ఇరవై ఎనిమిది రోజులు తలుపుకి ఉండాలి. మరుసటి వారం గోడ మరమ్మతు కోసం ఫిలిప్పా ఆ కాగితం అంటించింది. సిరిల్ కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు. 'గతంలో ఎవరో తెలియని కాంట్రాక్టరు చేసిన నాసిరకం పని' అని ఉంది. ఇదే చర్చి దస్త్రాల్లోకి ఎక్కుతుంది. తన పేరు శుభ్రంగా మిగులుతుంది, రెజ్ వద్దన్న సంగతి తనతోనే మట్టిలో కలుస్తుంది. చెబితే మాత్రం ఆ కాఫీ బల్ల దగ్గర ఇక ఏ మొహంతో కూర్చోవాలి? మిగిలింది ఆ ఒక్క బల్లే కదా.

ఆరు రాత్రులు నిద్ర లేదు. గురువారం బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు.

"ఆ కాంట్రాక్టరు ఎవరో కాదు. నేనే. రెజ్ సాచెల్ వద్దన్నా వినకుండా చేశాను."

బల్ల చుట్టూ ఎనిమిదిమంది. అందరూ ఆయన వంక తిరిగారు.

"అయ్యో సిరిల్ గారూ, అప్పట్లో అందరూ అలాగే చేసేవారట కదా," అంది ఫిలిప్పా. "కాగితంలో ఆ మాట తీసేస్తాన్లెండి, దానిదేముంది. కూర్చోండి, ఇంకో బిస్కెట్టు తీసుకోండి."

"అప్పటి ఫొటోలేమైనా ఉన్నాయా? ఇక్కడ పెట్టుకుంటే బావుంటుంది," అన్నాడు ఇంకొకాయన.

"రెజ్ అంటే ఎవరండీ?" అని అడిగింది మూడో ఆవిడ.

సిరిల్ ఒక్కొక్క మొహమే చూశాడు. అందరూ దయగలవాళ్ళే. గోడ కట్టిన ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు. తన తప్పు తెలిస్తే మండిపడాల్సినవాళ్ళంతా బయట గడ్డి కింద పడుకున్నారు. వెలివేసినా ఇంత ఒంటరితనం ఉండేది కాదేమో. ఆయన టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

దక్షిణపు గోడ దగ్గర నావోమి సన్న ఉలితో సిమెంటు ముక్క ఊడదీసి సంచీలో వేస్తోంది.

"అమ్మాయ్, ఇది చేసింది నేనే."

"మీరా? బాధపడకండి సిరిల్ గారూ, ఆ రోజుల్లో అందరూ..."

"అందరూ కాదు. నాకు పని నేర్పినాయన ఇక్కడే నిలబడి, గీకి పారెయ్యమన్నాడు. ఇంటికెళ్ళి ఎండలో కూర్చోమన్నాను." సిరిల్ ఇంకో అడుగు ముందుకేశాడు. "నాకో సాయం చేసిపెట్టు. నన్ను తిట్టు."

ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగింది. కాలు తొక్కినవాడికి తొక్కించుకున్నవాడు క్షమాపణ చెప్పుకునే దేశం అది. ఎనభై దాటిన మనిషిని తిట్టడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. గోడ వంక తిరిగింది.

"ఇక్కడ చెయ్యి పెట్టండి," అంది.

పెట్టాడు. రాయి పొడిపొడిగా అరచేతిలోకి రాలింది.

"ఆరువందల ఏళ్ళు వానకీ మంచుకీ నిలబడ్డ రాయి ఇది. మీ చేతిలో పడి యాభై ఏళ్ళకి పిండైపోయింది." ఆమె గొంతు మొదట వణికింది, తర్వాత గట్టిపడింది. "కిటికీ పైన చెక్కిన ఆ ముఖం చూడండి. ముక్కు లేదు, నోరు లేదు. దాన్ని మళ్ళీ ఎవరూ తేలేరు. తెలిసినాయన నిలబడి చెబుతుంటే వినకపోవడం పొగరు కాక ఏమిటి?"

సిరిల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గాలికి నెరిసిన జుట్టు మొహం మీద పడుతోంది.

"ఇంకా?" అన్నాడు.