సెస్సుతో సహా పదోవంతు

ఉప్పల్ స్టేడియంలో ఒక్క మ్యాచ్ అయినా చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. 2011 ఏప్రిల్‌లో పొద్దున్నే లైన్లో నిలబడి, ఏడువందల యాభై చొప్పున నాలుగు టికెట్లు కొన్నాను. నాకు, మా ఆవిడ సారమ్మకు, పిల్లలు బ్లెస్సన్‌కు, కృపకు. ఇంటికొచ్చి గొప్పగా మంచం మీద పరిచాను. సారమ్మ టికెట్టు చూసింది, గోడ మీది చర్చి క్యాలెండర్ చూసింది, తర్వాత నన్ను చూసింది.

"సామ్యేలూ, ఇరవై నాలుగో తారీకు ఏందో ఎరికేనా?"

"మ్యాచ్."

"ఈస్టర్! సాయంత్రం చర్చిల కృప దేవదూత వేషమేస్తది. నేను పాటలు పాడిపియ్యాలె. నువ్వు బొయ్యి సిక్సర్లు సూస్తవా?"

నాచారంలో పంపుల ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసేవాడికి షిఫ్టు చార్టు తప్ప ఇంకో క్యాలెండర్ తెలియదు. టికెట్లు అమ్మేద్దామని బయల్దేరాను. హబ్సిగూడలో ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఆ నాలుగింటికీ పన్నెండు వేలిచ్చాడు. నేను అంత అడగలేదు. ఇస్తుంటే వద్దనలేదు కూడా.

లాభం తొమ్మిది వేలు. మరుసటి ఆదివారమే సారమ్మ అందులో దశమభాగం, అంటే తొమ్మిది వందలు, చర్చిలో ఇచ్చింది. మా చర్చిలో ప్రతి కుటుంబానికీ ఒక కార్డు ఉంటుంది. ఏ రాబడి మీద ఎంత ఇచ్చామో అందులో రాసుకోవాలి. ఆమె రాసుకుంది, నేను మర్చిపోయాను.

తర్వాతి ఏడాది దమ్మాయిగూడలో రెండు గదుల ఇల్లు బేరం కుదిరింది. అప్పటికి పదకొండేళ్ళలో ఆరు అద్దె ఇళ్ళు మారాం. బ్యాంకు లోన్ ఇస్తే సొంత ఇల్లు, లేకపోతే ఏడో అద్దె ఇల్లు. ఆ బ్యాంకువాళ్ళు ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ తెమ్మన్నారు.

మా ఫ్యాక్టరీ అకౌంటెంట్ విశ్వనాథంగారు ప్రతి జూలైలో భోజనాల వేళ కార్మికుల రిటర్న్‌లు నింపిపెట్టేవారు. నుదుట విభూతి, చెవి మీద పెన్సిలు. ఎవరి దగ్గరా చాయ్ కూడా తాగేవారు కాదు. కాగితాలున్న కవరు ఆయన చేతిలో పెట్టాను.

"జీతం కాకుండా ఇంకేమైనా వచ్చిందా?" అనడిగారు.

"ఏం రాలే సార్."

ఆయన కవరులోంచి ఒక కార్డు తీసి పైకి చదివారు. "ఈస్టర్. టికెట్ల లాభం తొమ్మిది వేలు. దశమభాగం తొమ్మిది వందలు."

కార్డు వెనక్కి తీసుకోబోయాను. "సార్, గా సంగతి రాస్తే నన్ను బ్లాకుల టికెట్లమ్మినోడు అంటరు. లోన్ ఇయ్యరు సార్. ఆరిండ్లు మారినం."

"దేవుడికి చెప్పినవాడివి నాకు దాస్తావేమయ్యా? నేను పెన్సిలుతో రాసింది చెరిపేయొచ్చు. నీ సంతకం చెరపలేం. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఆయన్ను లోపల్లోపల బాగా తిట్టుకున్నాను. ఇంటికెళ్ళి సారమ్మ మీద పడ్డాను. "ఆ కార్డు గండ్ల ఎందుకు పెట్టినవ్?"

"కాయితాలన్నీ ఒక్కతాన పెట్టమన్నది నువ్వే గదా. దేవునికొక లెక్క, సర్కారుకొక లెక్కనా?"

ఇతర ఆదాయం కింద తొమ్మిది వేలు చేరింది. దాని మీద పన్ను తొమ్మిది వందలు. సర్కారు కూడా దేవుడిలాగే పదోవంతే అడిగింది. కాకపోతే ఆ పన్ను మీద నూటికి మూడు చొప్పున ఇరవై ఏడు రూపాయలు సెస్సు.

బ్యాంకులో లోన్లు చూసే తారామణి మేడం వేలు సరిగ్గా అక్కడే పెట్టారు. "ఈ ఇతర ఆదాయం ఏంది?"

ఈస్టర్ దగ్గర్నుంచి సెస్సు దాకా చెప్పేశాను. ఆమె కళ్ళజోడు తీసి నవ్వారు. "లోన్ మీ జీతం సూసి ఇస్తం. గానీ గిట్ల పొల్లుపోకుండ చెప్పినోళ్ళు నాకు శానా తక్కువ. ఫికర్ చెయ్యకున్రి."

ఆ రోజు బస్సులో ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పడానికి.

కొత్తింట్లో ప్రార్థన పెట్టుకుంటే విశ్వనాథంగారు విభూతితోనే వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. మాలో కృతజ్ఞత కానుక కవరు మీద కారణం రాస్తే, పాస్టరుగారు అందరి ముందూ చదువుతారు. ఆయన సారమ్మ ఇచ్చిన కవరు తీసి చదివారు.

"ఇరవై ఏడు రూపాయలు. టికెట్ల లాభం దాయబోయిన మా ఆయనతోని నిజం రాయించిన విశ్వనాథం సారు కోసం."

అరవై మంది నా వైపు తిరిగారు. ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డానో అదే జరిగింది, ఎవరూ ఏమీ అనలేదు.

"ఇరవై ఏడేంది?" అని గొణిగాను.

"సర్కారుకు సెస్సు ఇచ్చినవ్. దేవునికి తక్కువ చేస్తమా?"

విశ్వనాథంగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆనాడు మిమ్మల్ని మస్తు తిట్టుకున్న. మాఫ్ చెయ్యిన్రి. మీ దయతోని ఈ ఇంట్ల నిలబడ్డ."

"కార్డు కవర్లో పెట్టింది నేను కాదయ్యా," అన్నారు ఆయన, సారమ్మను చూపిస్తూ.

ఆ మాట నిజం. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు ఒక్కసారి కూడా చెప్పని మాట, ఆ అరవై మంది ముందు చెప్పాను. "సారమ్మా, నీ మేలు మర్చిపోను."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, పక్కనున్న ఖాళీ కానుక కవరు, పెన్ను నా చేతికిచ్చింది.

"గట్ల నోటితోని కాదు. రాసి వెయ్యి."